మొదటి వరసలో పిన్ని బొటనవేలు

మా పిన్ని పదమూడేళ్ళు ఫ్యాషన్ వీక్‌లో మోడళ్ళ మొహాలు దిద్దింది. తను దిద్దిన మొహం ఒక్కటైనా లైట్ల కింద నడిచి వస్తుంటే, ఎదురుగా కుర్చీలో కూర్చుని చూడాలన్నది ఆవిడ కోరిక. వినడానికి ఇదేం పెద్ద కోరిక కాదు. వంట చేసిన మనిషి, పదిమందీ తింటుంటే గుమ్మంలో నిలబడి చూడాలనుకోవడం లాంటిదే. కాకపోతే ఫ్యాషన్ వాళ్ళ ఇంట్లో గుమ్మానికి కూడా పాసు ఉంటుంది, ఆ పాసు వంటమనిషికి ఇవ్వరు.

మా పార్లర్ టైర్ల కొట్టు పైన, మేడమీద ఉంది. రెండు కుర్చీలు, ఒక వాష్ బేసిన్, ఎటునుంచి చూసినా మనిషిని కాస్త లావుగా చూపించే అద్దం ఒకటి. ఒక కుర్చీ పిన్నిది, రెండోది నాది. నేను ఆవిడ అక్క కూతుర్ని. కనుబొమలు, జుట్టు నా పని, మొహం ఆవిడ పని. కింద టైరుకి గాలి పట్టినప్పుడల్లా కంప్రెసర్ మోతకి గోడలూ, అద్దమూ, కుర్చీలో కూర్చున్న మనిషి గడ్డమూ కలిసి వణుకుతాయి. ఆ వణుకు ఆగి మళ్ళీ మొదలయ్యేలోపు కంటికి లైనర్ గీయడం పిన్ని ఒక్కదానికే చేతనవును. ఫ్యాషన్ వీక్ వాళ్ళకి ఆవిడ చెయ్యి నచ్చింది కూడా అందుకే. ఎంత గోలలోనైనా ఆ గీత వంకర పోదు.

బ్రష్షుతో మొదలుపెట్టినా, స్పాంజితో మొదలుపెట్టినా, పిన్ని ముగించేది కుడిచేతి బొటనవేలితోనే. పని అయిపోవచ్చిందనగా రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు చికిలించి చూసి, బొటనవేలు పైకెత్తి "ఇటు" అంటుంది. ఎదుటి మనిషి ఎవరైనా సరే మొహం ముందుకి చాపాల్సిందే. పావుగంట ఆవిడ చేతికింద కూర్చుంటే అది అలవాటైపోతుంది. మా బాబాయి ఫ్రిజ్‌లు రిపేరు చేస్తాడు, ఎవరి మాటా వినే రకం కాదు. ఆయన కూడా, పేపరు చదువుతున్నవాడల్లా, పిన్ని బొటనవేలు లేచిందంటే మొహం ముందుకి పెట్టేస్తాడు. పెట్టేశాక గుర్తొచ్చి విసుక్కుంటాడు.

ఇక ఫ్యాషన్ వీక్ సంగతి. ఊరి చివర ఎగ్జిబిషన్ హాలు ఒకటుంది. ఏడాది పొడుగునా అందులో బాత్‌రూమ్ పలకలూ, నీళ్ళ మోటార్లూ, ప్లాస్టిక్ కుర్చీలూ పెట్టి అమ్ముతుంటారు. ఆ ఒక్క వారం మాత్రం గోడలకి నల్లగుడ్డ కట్టేస్తారు, దాంతో అక్కడికి వచ్చినవాళ్ళందరికీ ఎక్కడో విదేశంలో ఉన్నట్టుంటుంది. ఎదురుపడితే ముద్దు పెట్టుకున్నట్టు బుగ్గ పక్కన గాలికి రెండు చప్పుళ్ళు చేసుకుంటారు. నిజంగా బుగ్గ తగిలితే మేకప్ పోతుంది కాబట్టి అది మంచి పద్ధతే అంటుంది పిన్ని.

హాలు వెనక మేకప్ గదిలో రాజ్యం పెద్ద బ్రష్‌ది. ఆయన అసలు పేరు ఎవరికైనా తెలుసో లేదో నాకు తెలియదు, మేమందరం పెట్టుకున్న పేరు అదే. నడుముకి తోలు పటకా, దాని నిండా బ్రష్షులు, అందులో మూడో వంతు ఆయన ఎన్నడూ తడపలేదు. ఆయన చేసేది రెండే పనులు. మొహం బొమ్మ అచ్చేసిన కాగితం మీద రంగులు పూసి, ఈసారి లుక్ ఇదీ అని అద్దానికి అంటిస్తాడు. తర్వాత, ఫోటోల వాళ్ళు ఎవరి కోసం వస్తారో ఆ ఒక్క మోడల్ మొహం తను చేస్తాడు. మిగతా మొహాలన్నీ మా పిన్నిలాంటి వాళ్ళు కాగితం చూసి చేయాలి. జుట్టు పనికి నేనూ పిన్నితో వెళతాను. మమ్మల్ని అక్కడ మనుషులని కూడా అనరు. "రేపటికి ఎన్ని చేతులు వస్తున్నాయి?" అని అడుగుతారు.

చేతులకి ఒకటే నియమం. కాగితం మీద ఉన్నది మొహం మీద ఉండాలి, లేనిది ఉండకూడదు, ప్రశ్నలు వేయకూడదు. ఒక ఏడు ఒకావిడ, పెదవికి ఆకుపచ్చ రంగేంటి సార్, విషం తాగినట్టుంది అంది. మరుసటేడు ఆవిడకి కబురు రాలేదు. పార్లర్‌లో కస్టమర్లని మొహం మీదే కడిగేసే మా పిన్ని, హాలు వెనక గుమ్మం దాటగానే నోరు కుట్టేసుకునేది ఇందుకే.

ఆ లుక్‌లైనా మామూలువా? ఒక ఏడు ఏడ్చిన మొహం కావాలన్నారు. ముక్కు చివర ఎరుపు రాసి, కళ్ళకింద గ్లిసరిన్ పెట్టి పాతికమంది ఆరోగ్యవంతులైన పిల్లల్ని ఏడిపించి పంపాం. ఇంకో ఏడు జ్వరం మొహం. మరో ఏడు కనుబొమలే ఉండకూడదన్నారు, వాటిమీద జిగురు రాసి, చర్మం రంగు పూసి మాయం చేశాం. పన్నెండేళ్ళుగా కనుబొమలు దిద్ది బతుకుతున్న నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఆ పై నెలలో మా పార్లర్‌కి ఒక కాలేజీ పిల్ల వచ్చి, తనకీ అలాగే తీసేయమంది. వాళ్ళమ్మని తీసుకుని రమ్మని పంపించేశాను.

పదమూడేళ్ళలో పిన్నికి కుర్చీ దొరక్కపోవడానికి కారణం ఉంది. మోడళ్ళు వరసకట్టి బయటికి వెళుతున్నప్పుడు, చివరి పిల్ల వెళ్ళేదాకా తెర మొదట్లో పౌడరు పట్టుకుని నిలబడాల్సింది మేకప్ చేతులే. తెర అవతల పాట మోగుతుంది, చప్పట్లు వినిపిస్తాయి, ఇటు మాత్రం వీపులే కనిపిస్తాయి. పన్నెండు నిమిషాల్లో షో అయిపోతుంది. ఆ బట్టలు తయారుచేయించిన డిజైనరమ్మ కూర్చునే మూల ఒక టీవీ ఉంటుంది. జుట్టు పనివాళ్ళం ముందే ఖాళీ అవుతాం కాబట్టి ఆ టీవీలో నేను చాలా షోలు చూశాను. నువ్వూ ఒకసారి వచ్చి చూడరాదా అని పిన్నిని అన్నాను.

"టీవీలో చూడ్డానికైతే ఇంట్లోనే కూర్చుంటానుగా," అంది. "అవి నేను చేసిన మొహాలే. ఎదురుగా వస్తుంటే ఎలా ఉంటాయో ఒక్కసారి చూస్తే చాలు నాకు."

ఏటా షో ముందురోజు ఆవిడ పెద్ద బ్రష్‌ని అడిగేది. ఆయన ఏటా "చూద్దాం" అనేవాడు. కిందటేడు మాత్రం ఎందుకో ఆయన మనసు కరిగింది. ఆ ఏడు ఆయనకి ఇంటర్వ్యూలు ఎక్కువున్నాయి, గదిలో నిలబడే తీరిక లేదు. అందుకని పిన్నిని పిలిచి, ముందు నువ్వొక మొహం చేసి చూపించు, మిగతా చేతులన్నీ నిన్ను చూసి చేస్తాయి, నా ఒక్క పిల్లని నేను చూసుకుంటాను, మిగతా ఇరవై ఒక్క మొహాలూ ఒకే అచ్చులో తెచ్చావంటే నీకు కుర్చీ ఇప్పిస్తాను అన్నాడు. పౌడరు ఇంకెవరైనా పట్టుకుంటారు, నువ్వు పక్క తలుపులోంచి వెళ్ళి కూర్చో అని కూడా అన్నాడు.

ఆ రాత్రి పిన్ని ఇంట్లో అందరికీ చెప్పింది. మొదటి వరస అయితే కాదులే, నాలుగో వరసైనా చాలు అంది. నాలుగో వరస నుంచి సినిమా ఇంకా బాగా కనిపిస్తుందని బాబాయి ధైర్యం చెప్పాడు. నల్ల ప్యాంటూ నల్ల చొక్కా చేతులకి యూనిఫాం కదా, అవే మళ్ళీ ఇస్త్రీ చేసుకుంది.

షో సాయంత్రం నాలుగింటికి. మేము ఉదయం ఎనిమిదికే వెళ్ళాం. ఆ ఏటి లుక్ పేరు "నిద్రలేచిన మొహం". అంటే మేకప్ వేసినట్టు తెలియకూడదు, అప్పుడే మంచం దిగి వచ్చినట్టుండాలి. దానికి మనిషికి రెండు గంటలు, పదకొండు సీసాలు. నిద్రలేచిన మొహమే కావాలంటే పిల్లల్ని తెల్లారగట్ల రమ్మని, కడుక్కోనివ్వకుండా పంపిస్తే సరిపోయేదిగా అని పిన్ని నా చెవిలో అంది. పైకి అనలేదు.

అద్దానికి అంటించిన కాగితం దగ్గరికి వెళ్ళి చూసింది. మొహమంతా పాలిపోయినట్టు లేత రంగు, పెదవి ఎండినట్టు, కనురెప్పల మీద కొంచెం తడి. ఎడమ కన్ను కింద మాత్రం, బొటనవేలంత, చాక్లెట్ రంగు మరక. గుండ్రంగా, గీతలు గీతలుగా ఉంది. పిన్ని చాలాసేపు దాన్నే చూసింది. నేనూ చూశాను. నాకు అది మరకలాగే కనిపించింది, కానీ కనుబొమలు మాయం చేసిన చోట మరక పెట్టమంటే ఆశ్చర్యపోయేదేముంది? అడుగుదామంటే పెద్ద బ్రష్ బయట ఎవరి ఫోనుకో ఇంటర్వ్యూ ఇస్తున్నాడు, అడిగినావిడ గతి ఏమైందో ఇద్దరికీ గుర్తుంది.

ఏ కొత్త లుక్ అయినా ముందు తన మొహం మీద వేసి చూసుకోవడం పిన్ని పద్ధతి. ఆ రంగు పెట్టెలో లేదు. కనుబొమల పొడీ, ముదురు లిప్‌స్టిక్కూ అరచేతిలో కలిపి రంగు తెచ్చింది. బ్రష్షుతో వేస్తే ఆ గీతలు రాలేదు. బొటనవేలు ముంచి తన ఎడమ కన్ను కింద అద్దుకుంది. కాగితం పక్కన పెట్టి చూస్తే అచ్చు అదే. మిగతా చేతులు ఎంత ప్రయత్నించినా వాళ్ళకి అలా రాలేదు. దాంతో మొహాలు వాళ్ళు చేసినా, మరక మాత్రం ఇరవై ఒక్కమందికీ పిన్నే పెట్టింది. ఒక్కొక్కళ్ళ ముందూ నిలబడి, వేలెత్తి, ఇటు అనడం, వాళ్ళు మొహం చాపడం. ఒకటికి మూడుసార్లు సరిచేసింది. మధ్యాహ్నానికల్లా మోడల్ పిల్లలందరూ ఆ వేలు కనిపిస్తే చాలు వంగేలా తయారయ్యారు. ఫోటోల వాళ్ళు వచ్చి ఆ మరకని దగ్గరగా తీసి అప్పటికప్పుడు ఫోన్లలో పెట్టేశారు.

మూడున్నరకి వరస కట్టారు. పెద్ద బ్రష్ తన పిల్లని తీసుకొచ్చి మొదట నిలబెట్టాడు. ఆ పిల్ల మొహం శుభ్రంగా ఉంది. వెనక ఇరవై ఒక్క మొహాలకీ మరక ఉంది. డిజైనరమ్మ ఆ వరసని ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, ఇదేంటి అంది. పెద్ద బ్రష్ మొహంలో రంగు పోయింది. ఆ రోజు లుక్‌కి సరిగ్గా సరిపోయేంత పాలిపోయాడు.

"ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు.

"కాగితం మీద ఉంది సార్," అంది పిన్ని.

కాగితం తెప్పించారు. పెద్ద బ్రష్ దాన్ని చూశాడు, తన బొటనవేలు చూసుకున్నాడు. ముందురోజు రంగులు వేస్తూ ఆయన చాక్లెట్ బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీ చేశాడని గదిలో అందరికీ తెలుసు, ఆ డబ్బా ఇంకా అద్దం కిందే ఉంది. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఈవిడకి చూపు సరిగా లేదు, నేను అప్పుడే అనుకున్నాను అని డిజైనరమ్మతో అన్నాడు. బయటికి పంపించేయండి అన్నాడు. ఒకడొచ్చి పిన్ని మెడలో కార్డు తీసేసుకున్నాడు.

ఆ పక్కనే ఒక పిల్ల జడకి పిన్నులు గుచ్చుతూ నేనున్నాను. నోరెత్తలేదు. ఎత్తి ఉంటే నా మెడలో కార్డూ పోయేది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మొహం తుడుచుకోవడానికీ, చెయ్యి కడుక్కోవడానికీ కూడా పిన్నికి టైమివ్వలేదు. ఇరవై ఒక్క మరకలు చెరిపి, కింద మళ్ళీ రంగు వేయడానికి గంట పడుతుంది. అంత టైము లేదు. కాబట్టి పెద్ద బ్రష్ తెలివైన పని చేశాడు. తన ఒక్క పిల్లకి కూడా మరక పెట్టేశాడు. బ్రష్షుతో పెట్టాడు. గీతలు రాలేదు, దెబ్బ తగిలి కమిలినట్టు వచ్చింది.

సామాన్లు దింపే వెనక తలుపులోంచి పిన్నిని పంపించారు. బస్‌స్టాపు హాలుకి ముందువైపు ఉంది. కాబట్టి ఆవిడ గోడ చుట్టూ తిరిగి ముందు గుమ్మానికి రావాల్సి వచ్చింది. అక్కడంతా జాతర. పాసు ఉన్నవాళ్ళు వరసలో నిలబడ్డారు. పాసు లేనివాళ్ళు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరూ లేని ఫోనులో కోపంగా మాట్లాడుతూ, గేటు వాడి మొహం చూడకుండా లోపలికి నడిచేస్తున్నారు. గేటు వాడు వరసలో ఉన్నవాళ్ళ పాసులే తనిఖీ చేస్తున్నాడు, కోపంగా ఉన్నవాళ్ళని ఆపే ధైర్యం వాడికి లేదు. పిన్ని ఆ గుంపు అంచున నిలబడి కాస్త ఏడ్చిందట. నాకు తర్వాత చెప్పింది. మొహం మీద మరక చెదరకుండా ఏడ్చిందట, చేతి అలవాటు.

నాలుగైంది, నాలుగున్నరైంది, షో మొదలవలేదు. మొదటి వరసలో ఒక పెద్దావిడ రావాలి, ఆవిడ రాదని ఐదింటికి పది నిమిషాలుందనగా తెలిసింది. ఫ్యాషన్ వీక్‌లో డిజైనర్‌కి అన్నిటికన్నా భయం ఏంటో తెలుసా? బట్టలు చిరగడం కాదు, మోడల్ పడిపోవడం కాదు. మొదటి వరసలో ఖాళీ కుర్చీ. ప్రతి ఫోటోలోనూ అది పన్ను ఊడిన చోటులా కనిపిస్తుంది. అందుకని లైట్లు ఆర్పే ముందు హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్ల ఒకతి బయటికి పరిగెత్తుకొచ్చి, కాస్త చూడగలిగినట్టున్న మనిషి ఎవరు దొరికితే వాళ్ళని లాక్కెళ్ళి ఆ కుర్చీలో కూలేస్తుంది. ఏటా జరిగేదే.

ఆ రోజు బయటికొచ్చిన హెడ్‌సెట్ పిల్లకి మా పిన్ని కనిపించింది. ఆపాదమస్తకం నలుపు, ఎడమ కన్ను కింద చాక్లెట్ రంగు మరక. మధ్యాహ్నం నుంచి అందరి ఫోన్లలో తిరుగుతున్నది అదే మరక. ఇంత తొందరగా ఆ లుక్ వేసుకుని వచ్చిందంటే ఈవిడెవరో సామాన్యురాలు కాదని ఆ పిల్ల తేల్చేసుకుంది.

"మేడమ్, మీరు ఇక్కడ నిలబడ్డారేంటి? రండి రండి," అని చెయ్యి పట్టుకుంది.

పిన్ని ఏమనుకుందో తెలుసా? సార్ మాట నిలబెట్టుకున్నారు, కోపంలో పంపేసినా మనసు మార్చుకుని కబురు పంపించారు అనుకుంది. దారి పొడుగునా సార్‌ని దీవించుకుంటూ వెళ్ళింది.

కుర్చీ మీద ఉన్న పేరు కాగితం చింపేసి హెడ్‌సెట్ పిల్ల పిన్నిని కూర్చోబెట్టింది. కుర్చీలో కానుక సంచీ ఒకటుంది, అందులో సెంటు సీసా, పట్టు చేతిరుమాలు. అవి ఎవరివో అని పిన్ని ఒళ్ళో జాగ్రత్తగా పెట్టుకుంది. పక్క కుర్చీలో నల్లద్దాలావిడ పిన్ని మరక వైపు గౌరవంగా చూసి, మీరు ఎక్కడి నుంచి అని అడిగింది. టైర్ల కొట్టు పైన అంది పిన్ని. ఆవిడ తల పంకించి, ఓ, విన్నాను అంది. పాపం, ఏమని విందో.

లైట్లు ఆరాయి. పాట మొదలైంది. నేను డిజైనరమ్మ మూల టీవీ ముందు నిలబడి ఉన్నాను, ఆవిడా పెద్ద బ్రష్షూ కూడా అక్కడే ఉన్నారు. తెరమీద మొదటి వరస కనిపించింది, అందులో మా పిన్ని కనిపించింది. పెద్ద బ్రష్ ఇంకా చూడలేదు.

ఆ హాల్లో మోడళ్ళు నడిచే ర్యాంప్ ఎత్తుగా ఉండదు. నేలమీదే తెల్ల పట్టా పరుస్తారు, మొదటి వరస వాళ్ళు కాళ్ళు చాపితే మోడల్ కాలికి తగులుతాయి. మొదట పెద్ద బ్రష్ పిల్ల వచ్చి వెళ్ళింది. అది పిన్ని చేసిన మొహం కాదు, లెక్కలోకి రాదు. రెండో పిల్ల వచ్చింది. పదమూడేళ్ళకి పిన్ని దిద్దిన మొహం పిన్ని ఎదురుగా నడిచి వస్తోంది. గంటకి పైగా వేడి లైట్ల కింద నిలబెట్టిన పాపానికి మరక కారి, కన్ను కింద నుంచి బుగ్గ మీదకి జారింది.

పిన్ని ముందుకి వంగింది. కళ్ళు చికిలించింది. కుడిచేతి బొటనవేలు లేచింది.

పొద్దున్నుంచి ఆ వేలికి అలవాటు పడ్డ పిల్ల, సూటిగా ఎటో చూస్తూ నడుస్తున్నదల్లా, వేలు కనిపించగానే ఆగిపోయింది. నడుం వంచి మొహం ముందుకి చాపింది. ఒళ్ళో ఉన్న పట్టు రుమాలుతో పిన్ని బుగ్గ తుడిచింది, ఇంకా కడుక్కోని బొటనవేలితో కన్ను కింద ఒక్కసారి అద్దింది, తల ఒకవైపు వాల్చి చూసుకుని వెళ్ళమన్నట్టు గడ్డం ఊపింది. పిల్ల లేచి మళ్ళీ అదే నడక నడుచుకుంటూ పోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందేడు ఒక పిల్ల ఎడమకి తిరిగితే వెనకది కుడికి తిరిగి ఇద్దరూ ఢీకొన్నారు. అప్పట్నుంచి నడక నేర్పే మాస్టారు అందరికీ ఒకటే పాఠం నూరిపోశాడు. ముందు నడిచేది ఏం చేస్తే వెనక వచ్చేది అదే చెయ్యాలి, ఆలోచించకూడదు. కాబట్టి మూడో పిల్ల వచ్చి పిన్ని ముందు ఆగింది, వంగింది. నాలుగోది ఆగింది, వంగింది. పిన్నికి ఇక తలెత్తే తీరిక లేదు. తుడవడం, అద్దడం, గడ్డం ఊపడం. కెమెరాలన్నీ అటు తిరిగాయి. ర్యాంప్ చివర ఫోటోల కోసం మోడళ్ళు ఆగాల్సిన చోట ఒక్కళ్ళూ లేరు, అందరూ మా పిన్ని కుర్చీ ముందే ఉన్నారు.

టీవీ ముందు డిజైనరమ్మ కొయ్యబారిపోయింది. ఇంతలో చప్పట్లు మొదలయ్యాయి. ముందు నల్లద్దాలావిడ లేచి నిలబడింది, తర్వాత వరసంతా లేచింది. డిజైనరమ్మ మెల్లగా పెద్ద బ్రష్ వైపు తిరిగింది.

"ఇది నీ ఐడియానా?" అంది.

ఆయనకి ఎంతసేపు పట్టిందో నేను లెక్కపెట్టాను. నాలుగు సెకన్లు.

"సర్‌ప్రైజ్ చేద్దామని చెప్పలేదు," అన్నాడు.

షో అయ్యాక పెద్ద బ్రష్‌ని ర్యాంప్ మీదకి పిలిచి జనానికి దండం పెట్టించారు. అలాంటి గౌరవం మేకప్ మనిషికి ఎప్పుడూ జరగలేదట. ఆ గొడవలో పిన్ని లేచి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళెక్కడున్నాయో ఎవరినో అడిగి, బయటికి వచ్చేసింది. సెంటు సీసా కుర్చీలోనే వదిలేసింది, తనది కాదుగా. రుమాలు మాత్రం మాసిపోయిందని ఉతికి ఇచ్చేద్దామని తెచ్చింది.

నేను బస్‌స్టాపులో ఆవిణ్ణి కలుసుకున్నాను. నా సంతోషానికి అంతు లేదు. పదమూడేళ్ళ కోరిక తీరింది కదా, అదీ మొదటి వరసలో. ఎలా ఉంది పిన్నీ, ఎదురుగా వస్తుంటే ఎలా ఉన్నారు అని ఆత్రంగా అడిగాను. పిన్ని గోటి సందులో ఇంకా మిగిలిన రంగు గీక్కుంటోంది.

"ఎక్కడ చూశానే," అంది. "పనే సరిపోయింది."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూశాక నవ్వలేకపోయాను. బస్సు దిగేముందు ఒక్కటే అంది, రెండో పిల్ల నడక బాగున్నట్టుంది, మరక చూస్తూ సరిగా గమనించలేదు అని.

మర్నాడు పేపర్లలో పెద్ద బ్రష్ ఫోటో పడింది. ఆ మరక అమ్మ చేతి జ్ఞాపకమని ఒక పేపర్లో చెప్పాడు, శ్రమజీవుల సంతకమని ఇంకో పేపర్లో చెప్పాడు. చాక్లెట్ బిస్కెట్టని ఎక్కడా చెప్పలేదు. మొదటి వరసలో కూర్చున్న ఆ "అజ్ఞాత స్త్రీ"ని ఎంతో వెతికి ఎంచుకున్నానన్నాడు. పిన్ని చదివి, వెతకడమెందుకు, నా నంబరు ఆయన ఫోన్లో ఉందిగా అంది. బాబాయికి కోపమొచ్చి వెళ్ళి కొట్టొస్తానన్నాడు. అంతకు ముందు ఒక ఫ్రిజ్ రిపేరు ముగించి రావాలన్నాడు, తిరిగొచ్చేసరికి కోపం చల్లారింది.

నెల తిరిగేసరికి మరక ఫ్యాషనైపోయింది. ఆఫీసులకెళ్ళే ఆడవాళ్ళు కూడా ఫోన్లో ఫోటో పట్టుకుని మా మేడ ఎక్కడం మొదలుపెట్టారు. పిన్ని వేలు ముంచి అద్ది పంపేది. ఒకావిడ అద్దంలో చూసుకుని మొహం చిట్లించింది. ఇలా కాదండీ, ఆ సార్‌ది ఇంకొంచెం ఎడమకి ఉంటుంది, గీతలు కూడా ఇలా లావుగా ఉండవు, మీకు రాకపోతే చెప్పండి, ఏమీ అనుకోను అంది. ఆవిడ ఫోన్లో ఉన్న ఫోటో నేను చూశాను. ఆ మరక పిన్ని వేలుదే. చెప్పబోతుంటే పిన్ని కళ్ళతో ఆపి, ఆవిడ అడిగినట్టే ఇంకొంచెం ఎడమకి పెట్టింది.

ఈ ఏడు మళ్ళీ ఫ్యాషన్ వీక్ వస్తోంది. ఈమధ్య పెద్ద బ్రష్ మనిషి ఫోన్ చేశాడు. పిన్ని చేతుల నిండా క్రీము ఉంది, అందుకని స్పీకరు పెట్టాను. మీకు మొదటి వరసలో కుర్చీ ఉంచామమ్మా, ఈసారి మీ పేరు కూడా అచ్చు వేయిస్తాం అన్నాడు. పిన్ని కళ్ళు మెరిశాయి. ఊరికే కూర్చుంటే చాలా అని అడిగింది. అవునమ్మా, ఊరికే కూర్చుని, కిందటేడు చేసినట్టే చేస్తే చాలు, రెండు రోజులు ముందొస్తే రిహార్సల్ చేయిస్తాం అన్నాడు.

పిన్ని క్రీము చేతులు తువ్వాలుకి తుడుచుకుంది.

"చివరి వరసలో ఇప్పించు నాయనా," అంది. "అక్కడికైతే ఎవరూ మొహం పట్టుకుని రారు."

అతను నవ్వాడు. చివరి వరసకి విలువ లేదమ్మా, ఫోటోల్లో పడరు అని నచ్చజెప్పబోయాడు. నాక్కావాల్సింది అదే అంది పిన్ని. సార్‌ని అడిగి చెబుతానని పెట్టేశాడు. పద్దెనిమిది రోజులైంది, మళ్ళీ ఫోను రాలేదు.

పిన్ని మాత్రం సాధన మొదలుపెట్టింది. సాయంత్రం నాలుగింటికి నేను ఎవరికైనా మొహం చేస్తుంటే, ఎదురుగా కస్టమర్ల బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఊరికే చూస్తుంది. పెదవి దగ్గర రంగు ఎక్కువైందనో, చెవి కింద కలవలేదనో కాసేపట్లో లేచిపోతుంది. ఎదురుగా ఉన్న గడియారం చూసి నేను టైము చెబుతాను. ఇప్పటివరకూ ఎక్కువలో ఎక్కువ నాలుగు నిమిషాలు కూర్చుంది. షో పన్నెండు నిమిషాలు.